రాకెట్‌కు ఎంత గొడుగు పట్టాలి?

నాలుగు పక్కలా 12 మూరలు, ఎత్తు 12 మూరలు ఉన్న గుడ్డ గుడారం దొరికితే మనిషి ఎంత ఎత్తునుంచైనా దూకొచ్చని లియొనార్డో డావిన్చి 1480లలో తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇటలీ మూరల్లో అది సుమారు 7 మీటర్లు. మూడు వందల ఏళ్ల తర్వాత, 1797 అక్టోబరు 22న, పారిస్‌లో గార్నెరిన్ బెలూన్ నుంచి దిగిన పట్టు గొడుగు (పారాచూట్) వ్యాసమూ దాదాపు అంతే. ప్రాణం దక్కింది గానీ బుట్ట ఊగిన ఊపు అంతా ఇంతా కాదు. ఆ ఊపు తగ్గించడానికే తర్వాత గొడుగు నడినెత్తిన కన్నం పెట్టారు.

ఆ ఊపుకే ఇంగ్లండ్‌లో విమాన శాస్త్రవేత్త జార్జ్ కేలీ ఒక వ్యాసంలో ఇంకో మందు చెప్పాడు: గొడుగును తలకిందుల శంకువులా చెయ్యమని. ఆ మాట నమ్మి 1837లో రాబర్ట్ కాకింగ్ లండన్‌లో దూకి చనిపోయాడు. గొడుగే 100 కిలోలు దాటింది. గొడుగు సొంత బరువును కూడా లెక్కలో కలపాలన్న మాట కేలీ వ్యాసంలో లేదు. నేటి రాకెట్ సరదారాయుళ్లు తరచూ మరిచేది కూడా అదే. తూచాల్సింది రాకెట్‌లో మందు కాలిపోయాక మిగిలే బరువును. అందులో గొడుగూ తాళ్లూ కలిసే ఉండాలి.

బొమ్మ రాకెట్‌కు గొడుగు కట్టినవాడు నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్. 1957లో తన నమూనాలను రాకెట్ల గురించి పత్రికల్లో రాసే హ్యారీ స్టైన్‌కు పంపడంతో అమెరికాలో ఈ సరదా ఊపందుకుంది. అవి అట్టగొట్టపు రాకెట్లు, గొడుగు కొంచెం అటూ ఇటూ అయినా కొంప మునగదు. హై పవర్ రాకెట్లు వచ్చాక బరువు కిలోల్లోకి వెళ్లింది, లెక్క తప్పనిసరి అయింది.

లెక్క కష్టమేమీ కాదు. బరువు రెట్టింపైతే గొడుగు వైశాల్యం రెట్టింపు కావాలి. దిగే వేగం సగం కావాలంటే వైశాల్యం నాలుగింతలు కావాలి. 2 కిలోల రాకెట్ సెకనుకు 5 మీటర్ల వేగంతో దిగాలంటే మామూలు బల్లపరుపు గుండ్రటి గొడుగు ఒకటిన్నర మీటర్ల వ్యాసం ఉండాలి. గుమ్మటంలా కుట్టినదాని గాలి నిరోధం దానికి రెండింతలుంటే ఒక మీటరు పైచిలుకు చాలు. అందుకే వ్యాసం ఒక్కటే చూసి కొనడం నా దృష్టిలో తెలివితక్కువ పని.

మరి ఇంకా పెద్దది కడితే ఇంకా మెత్తగా దిగుతుంది కదా? దిగుతుంది, పక్క ఊళ్లో. 1,500 మీటర్ల ఎత్తునుంచి సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగడానికి 5 నిమిషాలు పడుతుంది. గాలి కూడా అదే వేగంతో వీస్తే రాకెట్ కిలోమీటరున్నర కొట్టుకుపోతుంది. దీనికి విరుగుడుగా రెండు గొడుగులు వచ్చాయి. శిఖరం దగ్గర చిన్నది విచ్చుకుంటే రాకెట్ సెకనుకు 20 మీటర్ల వేగంతో పడుతుంది. 200 మీటర్ల ఎత్తులో ఎత్తుమాపకం పెద్దదాన్ని విప్పుతుంది. అప్పుడు మొత్తం 105 సెకన్లు, కొట్టుకుపోయేది అర కిలోమీటరు.

ఈ అంకెలన్నీ సముద్రమట్టపు గాలికి వేసినవి. నెవాడాలో పెద్ద రాకెట్లు ఎగరేసే బ్లాక్ రాక్ ఎడారి దాదాపు 1,190 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలుచన. అదే గొడుగు, అదే రాకెట్ సెకనుకు 5 బదులు 5.3 మీటర్ల వేగంతో నేలకు దిగుతాయి.