గింజలు లెక్కపెట్టేవాళ్లు, గింజలు దాచేవాళ్లు

మా అమ్మమ్మ ఊరు ఇబ్రహీంపట్నం నుంచి మంచాల పోయే దారిలో ఉంటుంది. ఆమె పోయాక ఇల్లు సర్దుతుంటే అటక మీద నాలుగు ఈతగుల్లలు దొరికాయి. పేడా మట్టీ కలిపి అలికినవి. మూడు ఖాళీ. నాలుగోదానిలో బూడిద, పొడిపొడిగా వేపాకు, అడుగున పిడికెడు అనుములు. మా మేనమామ వాటిని అరచేతిలో పోసుకుని చూసి ‘ఇవి మొలవయి బిడ్డా, పారేయ్’ అన్నాడు. ఎన్నేళ్ల కిందటివో ఆయనకు తెలియదు గానీ ఏ చెలకలోవో తెలుసు. ఆ చెలక ఇప్పుడు ప్లాట్లు. హద్దురాళ్లకు సున్నం వేసి నంబర్లు రాశారు.

ఆ రోజుల్లోనే నేను ఒక పాఠం కోసం, పంటల వైవిధ్యాన్ని రైతుల చేలల్లోనే కాపాడాలని పెట్టిన ప్రాజెక్టులు ముగిశాక వాటిని ఎలా మదింపు చేస్తారో చదువుతున్నాను. ఆ నివేదికల్లో పట్టికలు బాగుంటాయి. ఎన్ని రకాలు, ఎన్ని విత్తన బ్యాంకులు, ఎంతమంది ‘లబ్ధిదారులు’. అమ్మమ్మ గుల్లను ఏ పట్టికలో వెయ్యాలో మాత్రం నాకు తోచలేదు.

విత్తనాన్ని కాపాడటానికి రెండు దారులున్నాయి. చేను నుంచి తీసి చల్లటి గదిలో దాచడం ఒకటి. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. రెండోది చేనులోనే ఉంచడం. అంటే ఏటా విత్తాలి, ఏటా మంచి కంకి ఏరాలి, ఏటా దాచాలి. 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం తర్వాత ఈ రెండో దారికి కూడా నిధులు రావడం మొదలైంది. నిధులతో పాటు గడువు వస్తుంది, గడువు తీరాక లెక్కలు చూసే మనిషి వస్తాడు. 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 8 దేశాల్లో 27 పంటలను తీసుకుని, ఎన్ని రకాలు మిగిలాయి, అవి చేలల్లో సరిసమానంగా పరుచుకున్నాయా లేక ఒకటి రెండే ఏలుతున్నాయా అని కొలిచింది. పనికొచ్చే కొలతే. చిన్న రైతుల చేలల్లో వైవిధ్యం మనం అనుకున్న దానికంటే ఎక్కువే బతికుందని అది చూపించింది. కానీ ఆ లెక్కలో ఇల్లు ఒక అంకె. ఇంట్లో కంకి ఎవరు ఏరారు, గుల్ల ఎవరు అలికారు, అప్పు తీర్చడానికి విత్తనాలు కూడా అమ్మేద్దామని మగవాడంటే ఎవరు అడ్డం పడ్డారు అనేవి ఆ అంకె లోపలే ఉండిపోతాయి.

మన దగ్గర ఈ పనికి పేరున్న చోటు ఇబ్రహీంపట్నానికి పూర్తిగా అవతలి దిక్కున, హైదరాబాద్ దాటి బొంబాయి రోడ్డు మీద ఉంది. జహీరాబాద్ ప్రాంతం. అప్పటి మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా ఊరూరా దళిత స్త్రీల సంఘాలతో పనిచేసింది. ఆ ఏడాదే రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం పేదల ఆకలి తీర్చింది, ముందు ఈ మాట ఒప్పుకుని తర్వాత మాట్లాడాలి. దాంతోపాటు జొన్నకు బేరం పోయింది. జొన్నరొట్టె పేదరికానికి గుర్తయింది. భూసంస్కరణల్లో దళితులకు దక్కిన రాళ్ల చెలకలు పడావు పడ్డాయి. ఎవరి చేలో పండనిది వాళ్ల రేషన్ సంచిలోకి వస్తుంటే, చేను దున్నడం ఎందుకు?

1994–95లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సంఘాలు దీనికి తమ జవాబు చెప్పాయి. 30కి పైగా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు మించి పడావు భూమిని సాగులోకి తెచ్చారు. దుక్కికీ ఎరువుకూ అప్పు ఇచ్చి, దాన్ని డబ్బుగా కాక కొన్నేళ్లపాటు జొన్నలుగా తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ చేసి, పనులు లేని నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు కొలిచారు. ఎవరు నిరుపేద? దీన్ని తహసీల్దారు తేల్చలేదు. ఊరి నడుమ ముగ్గుతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చూసి ఊరివాళ్లే తేల్చారు. ఏ ఇంట్లో ఏ నెలలో పొయ్యి వెలగదో రికార్డులకు తెలియకపోయినా పక్కింటావిడకు తెలుస్తుంది కదా.

ధాన్యం వెంట విత్తనం వచ్చింది. పచ్చజొన్న, కొర్ర, సామ, తైద, అనుము, ఉలువ, కుసుమ. ఎవరి గుల్లలో ఏముందో వెతికి, లేనివాళ్లకు అప్పిచ్చి, పంటయ్యాక ఎక్కువ కొలిచి తిరిగి తీసుకునే పద్ధతి. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆడవాళ్ల మధ్య ఎప్పుడూ ఉన్న చేబదులే. కాకపోతే దానికొక గది, ఒక పుస్తకం, ఒక పేరు వచ్చాయి. తర్వాత ఏటా సంక్రాంతి నుంచి నెలరోజులపాటు ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరూ తిప్పే పాతపంటల జాతర వచ్చింది. 2008లో మాచనూరులో సంఘం రేడియో, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చాయి. 2023లో ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీష్ కన్నుమూశారు.

ఇంతవరకూ చెబితే ఇది విజయగాథ. మదింపు చేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మనకు మాత్రం ఇక్కడే పని మొదలవుతుంది.

మొదట కూరల సంగతి. పంటల జాబితాలో విత్తినవే ఉంటాయి. కలిపి విత్తిన చేలో విత్తకుండా వచ్చే తుమ్మికూర, దొగ్గలికూర, గునుగుకూర, చెంచలికూర ఉండవు. వ్యవసాయశాస్త్రం వాటిని కలుపు అంటుంది. కలుపు తీసే కూలి ఆడమనిషి సాయంత్రం వాటిని ఒడిలో వేసుకుని ఇంటికి పోయి కూర వండుతుంది. కలుపుమందు కొట్టిన చేలో విత్తిన రకం రకంలాగే నిలుస్తుంది, పట్టికలో అంకె తగ్గదు, ఒడి మాత్రం ఖాళీ అవుతుంది. ఆమె కూలిరోజులూ తగ్గుతాయి. ఈ రెండు నష్టాలనూ కలిపి చూసే గడి ఏ పట్టికలోనూ నాకు కనిపించలేదు.

రెండోది చాకిరీ. ఇక్కడ మనవాళ్లతోనే నాకు పేచీ ఉంది. స్త్రీని విత్తనమాత అనీ, ప్రకృతికి దగ్గరి బంధువు అనీ రాయడం మనకూ అలవాటైంది. కొర్రల పొట్టు చేత్తో తీసిన వాళ్లెవరూ ఆ మాట అనరు. విసుర్రాయి దగ్గర పొద్దుటి నిద్ర పోగొట్టుకున్న మా అమ్మ, తెల్లబియ్యం వచ్చాక ‘బతికినం’ అన్నది. ఆమె ఆ పంటలను వదిలేసింది తెలియనితనంతో కాదు. నడుం నొప్పితో. కాబట్టి ఒక ఊళ్లో 20 రకాలు నిలిచాయని ఎవరైనా చెబితే, ఆ 20 రకాలను దంచి చెరిగి విసిరేది ఎవరని అడగాలి. పొట్టు తీసే మర ఊళ్లో ఉందా అని కూడా అడగాలి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం గడిచాక నగరంలో కొర్రలు ఖరీదైన తిండి అయ్యాయి. ఆ ఖరీదులో పండించినామె వాటా ఎంతో కూడా మదింపులో భాగమే.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, భూమి. జహీరాబాద్ సంఘాల్లో విత్తనం నిలవడానికి కారణం విత్తన బ్యాంకు కాదని నాకనిపిస్తుంది. దానికి ముందు సంఘం స్త్రీలు పడావు భూములు కౌలుకు తీసుకుని కలిసి సాగుచేశారు. ఎస్సీ కార్పొరేషన్ పథకంలో కొన్నిచోట్ల భూమి కొన్నారు. తన మాట చెల్లే చేను ఉన్నప్పుడు ఏం విత్తాలో ఆమె తేల్చింది. తేల్చే అధికారం పోతే గుల్ల జ్ఞాపకంగా మిగులుతుంది, మా అటక మీద మిగిలినట్టు.

ఆ స్త్రీలకు మదింపు చేయడం రాదనుకోవడానికి వీల్లేదు. 2001 జూన్‌లో అల్గోల్ గ్రామంలో ప్రజాతీర్పు జరిగింది. రాష్ట్ర ప్రభుత్వపు విజన్ 2020 మీద చిన్న రైతులు, కూలీలు జ్యూరీగా కూర్చున్నారు. వాళ్లలో స్త్రీలే ఎక్కువ. అధికారులూ శాస్త్రవేత్తలూ సాక్షులుగా వచ్చి చెప్పుకున్నారు. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడాన్నీ, జన్యుమార్పిడి పంటలనూ జ్యూరీ కాదన్నది. తర్వాత ఆ పద్ధతి సరైనదేనా అని బ్రిటన్‌లో పెద్ద రచ్చ నడిచింది. విజన్ 2020 రాసిన సలహాదారుల పద్ధతి మీద అంత రచ్చ జరిగినట్టు నాకు గుర్తులేదు.

మళ్లీ ఇబ్రహీంపట్నం. ఇక్కడ భూమి పోరాటం జరగలేదా అంటే, జరిగింది. 1980లలో ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం వెట్టి మీద, కూలి మీద, భూమి మీద కొట్లాడింది. అందులో పనిచేసిన గీతా రామస్వామి 2022లో అచ్చయిన తన ఆత్మకథలో ఆ ఏళ్ల గురించి రాశారు. మాదిగవాడల స్త్రీలు ముందు నిలబడిన పోరాటం అది. ఒకవైపు భూమి గెలిచి విత్తనం గురించి ఆలోచించే వ్యవధి దొరకని తాలూకా, మరోవైపు భూమినీ విత్తనాన్నీ కలిపి పట్టుకున్న జహీరాబాద్. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రాసిన నివేదిక కోసం వెతికాను, దొరకలేదు. ఈలోగా నగరం ఔటర్ రింగురోడ్డు దాటి ఇటు వచ్చింది. చెలకకు ధర కట్టేటప్పుడు దానిలో ఏం పండేదని ఎవరూ అడగలేదు.

మా అమ్మమ్మ చెలకది పాత పహాణీ నకలు తీయించాను. పట్టాదారు, మా తాత. అనుభవదారు, మా తాత. పంట అన్నచోట ఒకే మాట ఉంది: జొన్న. దాన్ని మేనమామకు చూపించి, నిజంగా ఏమేమి ఉండేవి మామా అని అడిగాను. వేళ్లు మడుస్తూ చెప్పాడు. జొన్న, కంది, పెసర, బొబ్బర, అనుము, నువ్వు, గట్ల మీద పుంటికూర... ఎనిమిది దగ్గర ఆగాడు.

‘ఇంకా ఉండె బిడ్డా. అవి మీ అమ్మమ్మనే అడగాలె.’