లిథియం బ్యాటరీకి మారడానికి ముందు విద్యుత్ అవసరాన్ని లెక్కించుట అవశ్యం
నిజామాబాద్, బోధన్ ప్రాంత ఈ-రిక్షాలు, సరుకు బండ్లపై ప్రత్యేక వ్యాసం

నిజామాబాద్ పట్టణంలోను, బోధన్ చెరకు ప్రాంతంలోను సీసపు బ్యాటరీలతో నడిచే బండ్లకు లిథియం బ్యాటరీలు అమర్చదలచినవారు ముందుగా రెండు లెక్కలు సరిచూసుకోవాలి. మొదటిది బండి కోరే విద్యుత్తు. రెండవది ఛార్జింగ్ స్థలంలోని కనెక్షన్ ఇవ్వగల విద్యుత్తు. గోల్ఫ్ మైదానాలలో తిరిగే బండ్లకు సైతం ఇదే సూత్రం వర్తిస్తుంది.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ పట్టణంలోని ఒక ఇంట్లో ఛార్జింగ్‌లో ఉంచిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు మరణించారు. అదే సంవత్సరం కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినతరం చేసింది. ఈ విషయంలో అజాగ్రత్త ప్రాణాంతకమని ఈ దుర్ఘటన తెలియజేస్తున్నది.

బండి కోరే కరెంటు

2014 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఈ-రిక్షా మోటారు సామర్థ్యం 2,000 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించరాదు. 48 వోల్టుల వద్ద 2,000 వాట్లకు సుమారు 42 ఆంపియర్లు అవసరం. అయితే నిండు బరువుతో కదిలేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు కొన్ని క్షణాలపాటు ఇంతకు రెట్టింపు కూడా కావచ్చు. పసుపు మార్కెట్ యార్డుకు బస్తాలు మోసే బండ్లకు ఇది నిత్యానుభవం.

సీసపు బ్యాటరీ ఈ భారాన్ని కొంతసేపు తట్టుకొంటుంది. లిథియం బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ (బి.ఎం.ఎస్.) మాత్రం పరిమితి దాటగానే సరఫరాను నిలిపివేస్తుంది. బండి నడిరోడ్డుపై ఆగిపోతుంది. అందువలన కంట్రోలర్‌పై ముద్రించిన గరిష్ఠ కరెంటు కంటే బి.ఎం.ఎస్. సామర్థ్యం అధికంగా ఉండాలి.

ప్రయాణ దూరం

నిజామాబాద్ నుండి బోధన్‌కు పోయి వచ్చే దూరమంత, అనగా దాదాపు 50 కిలోమీటర్లు, దినమంతా తిరిగే బండిని ఉదాహరణగా తీసుకొనవచ్చు. అది కిలోమీటరుకు 50 వాట్ అవర్లు వినియోగిస్తే మొత్తం 2,500 అవసరం. సామర్థ్యంలో 80 శాతమే వాడుకోవాలనుకొంటే 3,125 వాట్ అవర్ల బ్యాటరీ కావాలి. 51.2 వోల్టుల వద్ద ఇది సుమారు 61 ఆంపియర్ అవర్లు. సీసపు బ్యాటరీ సామర్థ్యంలో సగమే వాడడం మేలు కనుక 48 వోల్టుల సీసపు బ్యాటరీలైతే ఇదే పనికి 100 ఆంపియర్ అవర్లకు పైగా అవసరం.

ఛార్జింగ్ భారం

పాత సీసపు ఛార్జరును లిథియం బ్యాటరీకి వాడరాదు. 58.4 వోల్టులు, 15 ఆంపియర్ల ఛార్జరు 876 వాట్లు ఇస్తుంది. నష్టాలతో కలిపి కనెక్షన్ నుండి దాదాపు ఒక కిలోవాట్ తీసుకొంటుంది. పది బండ్లను ఒకేసారి ఛార్జింగ్‌లో ఉంచే షెడ్డుపై దాదాపు పది కిలోవాట్ల భారం పడుతుంది. మంజూరైన లోడ్ చాలకుంటే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థకు అదనపు లోడ్ కొరకు దరఖాస్తు చేయాలి.

తదుపరి జాగ్రత్తలు

సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయరాదు. మే నెల ఎండలలో బండిని నీడన నిలిపి, చల్లబడిన పిదప ఛార్జ్ చేయాలి. పడకగదిలోను, బయటికి వెళ్లే దారిలోను ఛార్జింగ్ కూడదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. కావున మార్పిడికి ముందే తయారీదారును, రవాణా శాఖ కార్యాలయాన్ని సంప్రదించాలి. పాత సీసపు బ్యాటరీలను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను అనుసరించి అధీకృత కేంద్రాలకే అప్పగించాలి.