నంద్యాల బస్సు, పెనుకొండ కారు

వాహన తయారీలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఇంజను, గేరుబాక్సు వంటి భాగాలు చేయడం ఒకటి. ఎక్కడో తయారైన భాగాలు తెచ్చి బండిగా బిగించడం మరొకటి. తెలుగు నేల మీద ముందు కుదురుకున్నది బిగింపు పనే.

1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. వాటిలో పేరుమోసిన ఆల్బియన్ బస్సులు స్కాట్లండ్ కంపెనీవి. 1942లో హైదరాబాదులో ఆల్విన్ సంస్థ పుట్టాక బయటి ఛాసీ మీద ఇక్కడి కార్మికులే రేకు కొట్టి, సీట్లు బిగించి బస్సు బాడీలు కట్టారు. నంద్యాల, ఆళ్లగడ్డ మాత్రం అప్పట్లో నిజాం రాజ్యానికి బయట, మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లా ఊళ్లు. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. తర్వాత ఈ రెండు చోట్లా డిపోలు వచ్చాయి గానీ అక్కడ సాగేది నిర్వహణ, మరమ్మతులే.

1980లలో తేలికపాటి ట్రక్కుల కోసం కేంద్రం నాలుగు జపాన్ భాగస్వామ్యాలను అనుమతించింది. వాటిలో ఒకటైన ఆల్విన్ నిస్సాన్ అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదులో వెలిసింది. 1985 తర్వాత యెన్ విలువ పెరిగి, జపాన్ భాగాల ధర మోయలేని భారమైంది. ఆ దశాబ్దం చివరికి కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. బిగింపు మీదే ఆధారపడిన పరిశ్రమకు పొంచి ఉండే ప్రమాదం ఇదే. ఆఫ్రికాలోనూ బిగింపుకూ భాగాల తయారీకీ ఉన్న తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కెన్యా 1970ల నుంచి మొంబాసా, థికాలలో దిగుమతి భాగాలతో వాహనాలు బిగిస్తోంది. మొరాకోలో మాత్రం 2012లో టాంజియర్‌లో రెనో కర్మాగారం తెరిచాక విడిభాగాల పరిశ్రమ కూడా విస్తరించింది.

రాయలసీమకు కారు ఆలస్యంగా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కార్ల కంపెనీ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం లేచింది. 2019 జనవరిలో ప్రయోగాత్మకంగా తొలి కారు, ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చాయి. రేకును అచ్చు వేయడం, బాడీ వెల్డింగు, రంగు, బిగింపు అన్నీ అక్కడే. మోబిస్ వంటి విడిభాగాల సంస్థలు పక్కనే స్థిరపడటం జహీరాబాదుకు దక్కని బలం. 2023 జులైకి 10 లక్షల కార్లు పూర్తయ్యాయి. విదేశాల్లో బిగించుకునేందుకు విడిభాగాల కిట్లు కూడా ఇక్కడి నుంచే వెళ్తున్నాయి.

కరువు సీమలో ఇంత పరిశ్రమకు నీరెక్కడిది? గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. దాన్ని నింపేది హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం. శ్రీశైలం వెనుక జలాలను ఆ పథకం మొదట ఎత్తిపోసేది నందికొట్కూరు మండలం మల్యాల వద్ద. ఆ ఊరు 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఉంది. పొలాలకూ దాహానికీ ఉద్దేశించిన ఆ కృష్ణా జలాల్లో కొంత కార్లకూ అందుతోంది. నీళ్లు దాటించే జిల్లాకు కారు కర్మాగారం లేదు; కనీసం విడిభాగాల పరిశ్రమలోనైనా వాటా అడగడం న్యాయం.