పత్తి పండించి నగరం కట్టినవాళ్లు

1492 అక్టోబరు 12న కొలంబస్ బహమా దీవుల్లో ఒడ్డున దిగాడు. మనం బడిలో చదువుకున్న అమెరికా కథ ఆ రోజుతోనే మొదలవుతుంది. నిజానికి అప్పటికే ఆ గడ్డమీద నగరాలు వెలసి, పాడుబడి, మళ్లీ వెలుస్తూ నాలుగు వేల ఏళ్లు గడిచాయి.

మంచుయుగంలో ఆసియా నుంచి వెళ్లిన మనుషులు పదిహేను వేల ఏళ్ల కిందటికే అక్కడ స్థిరపడ్డారు. వేటాడారు, గుమ్మడి పాదులు పెట్టారు, మెక్సికోలో ఒక అడవి గడ్డిని తరతరాలుగా సాకి మొక్కజొన్నగా మార్చారు. ఆ తర్వాతి వేల ఏళ్ల గురించి మట్టి పెద్దగా చెప్పదు. మట్టి నోరు విప్పిన చోటికే నేరుగా వెళ్దాం.

పెరూ రాజధాని లీమాకు ఉత్తరాన సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో సుపే నది లోయ ఉంది. చుట్టూ ఎడారి. అక్కడి కరాల్ దిబ్బలను 1940లలోనే పాల్ కోసోక్ అనే పరిశోధకుడు గమనించాడు. కానీ బంగారం లేదు, కుండ పెంకు కూడా లేదు. దాంతో ఎవరూ పట్టించుకోలేదు. 1990లలో పెరూ పురావస్తు శాస్త్రవేత్త రూత్ షాడీ తవ్వకాలు మొదలుపెట్టాక ఆ దిబ్బల కింద నుంచి మెట్ల పిరమిడ్లు, గుండ్రటి పల్లపు ప్రాంగణాలు, ఇళ్లు బయటపడ్డాయి.

మరి వాటి వయసెంత? జవాబు పునాదుల్లోనే దొరికింది. కరాల్ మేస్త్రీలు రెల్లుగడ్డితో ఉట్టిలాంటి సంచులు అల్లి, వాటిని రాళ్లతో నింపి, సంచులతో సహా కట్టడం లోపల పేర్చేవారు. వీటిని షిక్రాలంటారు. భూకంపం వచ్చినా సంచిలోని రాళ్లు చెదిరిపోవు. రెల్లు బతికేది కొద్దికాలమే కనుక దాని వయసు తెలిస్తే కట్టడం వయసూ తెలిసినట్టే. 2001 ఏప్రిల్‌లో షాడీ, మరో ఇద్దరు పురావస్తు శాస్త్రవేత్తలు జొనాథన్ హాస్, వినిఫ్రెడ్ క్రీమర్ కలిసి ‘సైన్స్’ పత్రికలో ఆ లెక్క ప్రకటించారు: క్రీస్తుపూర్వం 2600 ప్రాంతం. అంటే గిజా మహా పిరమిడ్ లేస్తున్న కాలం, మన సింధు లోయలో హరప్పా ఎదుగుతున్న కాలం.

కరాల్ సంపదకు మూలం పత్తి. లోయలో పండిన పత్తి వలల కోసం సముద్ర తీరానికి వెళ్లేది. ఆ వలలతో పట్టిన నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టి లోయకు పంపేవారు. వాళ్ల తిండిలో గుమ్మడి, చిక్కుళ్లతో పాటు జామ, చిలగడదుంప కూడా ఉన్నాయి. ఈనాడు మన పెరట్లో కాసే జామకు పుట్టినిల్లు అమెరికా ఖండాలే. కరాల్‌లో కోటగోడలు గానీ యుద్ధాయుధాలు గానీ ఇంతవరకూ బయటపడలేదు. దొరికింది సంగీతం. పెలికాన్, కాండోర్ పక్షుల ఎముకలతో చేసి, అడ్డంగా పట్టుకుని ఊదే వేణువులు 32, ఒకేచోట. కొన్నింటి మీద కోతుల బొమ్మలు చెక్కారు. ఆ ఎడారిలో కోతులుండవు. ఆండీస్ పర్వతాల అవతలి అడవుల ఊసు వాళ్లకు తెలుసన్నమాట. ఈ వేణువుల కోసమైనా కరాల్ మన పిల్లల పాఠాల్లోకి రావాలని నా కోరిక.

క్రీస్తుపూర్వం 1800 ప్రాంతంలో నగరం ఖాళీ అయింది. దీర్ఘకాలపు కరవే కారణమంటారు. దగ్గర్లోని విచామాలో ఆ నాటి గోడ బొమ్మలున్నాయి. వాటిలో మనుషుల పొట్టలు వీపుకంటుకుపోయి, డొక్కలు లెక్కపెట్టేలా ఉంటాయి. ఆకలిని అంత నిజాయతీగా గోడకెక్కించిన సమాజాలు అరుదు.

తరువాత మెక్సికోలో ఒల్మెక్కులు రాతి తలలు చెక్కారు, మాయా ప్రజలు సున్నాను లెక్కల్లోకి తెచ్చారు, ఇంకాలు కొండల మీదుగా వేల కిలోమీటర్ల బాటలు వేశారు. 1532లో స్పెయిన్ సేనాని పిజారో పెరూలో దిగాక ఈ వరుస తెగింది.

యునెస్కో 2009లో కరాల్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా నిశ్చింత లేదు. కరోనా ఆంక్షల కాలంలో ఆక్రమణదారులు యంత్రాలతో వచ్చి అక్కడి నేలను పెకలించారు. అడ్డుకున్న షాడీని చంపుతామని బెదిరించారు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. ఆమె పని ఆపలేదు. 2025 జులైలో ఆమె బృందం అదే లోయలో పెనికో అనే మరో పట్టణాన్ని సందర్శకులకు తెరిచింది. కరాల్ తర్వాత వెలసిన ఊరది, వయసు దాదాపు 3,500 ఏళ్లు. అక్కడి సభామందిరం గోడల మీద పుతుతు అనే శంఖాల బొమ్మలు మలిచి ఉన్నాయి.