విల్లు మోత నుంచి గూగుల్ దాకా



మొయినాబాద్‌లో మా భాంజా దూది పరుపులు, రజాయిల దుకాణం పెట్టాడు. వెబ్‌సైట్ కూడా చేయించాడు. రెండు నెలలైనా గూగుల్‌లో దాని జాడ లేదు. "మామూ, నాలుగు వేలిస్తే వంద రివ్యూలు, రెండొందల లింకులు పెట్టిస్తారట. ఇచ్చెయ్యనా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి.

మా నూర్‌బాషాల ఇళ్లలో ఒకప్పుడు ఇష్తెహార్ అంటే విల్లు మోతే. దాదా దూది ఏకే విల్లు భుజాన వేసుకుని చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. నారి మోగితే ఆడవాళ్లు పాత పరుపులు తెచ్చి వాకిట్లో పడేసేవాళ్లు. రోడ్డు వెంట మర్రిచెట్లే ఆయన పతా, "ఫలానా మర్రి కింద ఉంటాడు" అంటే చాలు. అయితే మోత కబురు మాత్రమే. ఎతబార్ పక్కింటి మాటతోనే వచ్చేది.

ఈ ఎతబార్‌నే మన ఉలేమా ఒక ఇల్మ్‌గా మలిచారు. హదీసులో మాట మతన్, అది ఎవరి నుంచి ఎవరికి చేరిందన్న గొలుసు సనద్. ఇమామ్ బుఖారీ (810–870) లాంటి ముహద్దిసులు ప్రతి రావీ నడవడినీ, జ్ఞాపకశక్తినీ తరచి చూశారు. రావీలు ఎంతమంది అన్నదొక్కటే చాలదు, ఎలాంటివాళ్లన్నది చూడాలి.

ఇంటర్నెట్‌కూ ఇదే సవాలు ఎదురైంది. 1994లో మొదలైన యాహూ మనుషులు కూర్చిన జాబితా. 1995లో వచ్చిన ఆల్టావిస్టా పేజీల్లోని మాటలను వెతికేది. దాంతో ఒకే మాటను వందసార్లు రాసి పైకి రావాలని చూసేవాళ్లు తయారయ్యారు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పద్ధతిని లోకం ముందు పెట్టారు. ఒక పేజీ మరో పేజీకి ఇచ్చే లింకు గవాహీ లాంటిది, పేరున్న పేజీ గవాహీకి బరువెక్కువ. ఈ ఆలోచన పరిశోధకులు ఒకరి వ్యాసాన్ని మరొకరు ఉదహరించే రివాజు నుంచి వచ్చింది, హదీసు నుంచి కాదు. ప్రశ్న మాత్రం ఒక్కటే: ఎవరి మాట నమ్మాలి?

గవాహీకి విలువ రాగానే జూఠీ గవాహీకి బజారు వెలిసింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, కొన్న లింకులతో ఎదిగిన సైట్లను గూగుల్ కిందికి నెట్టింది. కొన్న రివ్యూలూ దాని నియమాలకు ఖిలాఫే. మనకు అంతకన్నా పెద్ద సంగతి ఉంది. అబద్ధపు సాక్ష్యాన్ని రసూలుల్లాహ్ (స) ఘోర పాపాల్లో లెక్కపెట్టారు. హలాల్ కమాయికి హరామ్ పునాది వేస్తామా?

మరేం చేశాం? సర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ ఇచ్చి, సైట్ ఉందని గూగుల్‌కు కబురు పెట్టాం. బిజినెస్ ప్రొఫైల్ తెరిచాం. బోర్డు మీద ఒకలా, సైట్‌లో ఇంకోలా ఉన్న దుకాణం పేరు, పతా, ఫోన్ నంబరు అన్నిచోట్లా ఒకేలా మార్చాం. ఏ పరుపుకు ఎన్ని కిలోల దూది, ఎంత ధర, పాత పరుపు ఎలా ఏకి కుడతారు అన్నవి తెలుగులోనూ ఉర్దూలోనూ విడివిడి పేజీలుగా రాశాం. దూది ఇచ్చే వ్యాపారిని ఆయన సైట్‌లో మా లింకు పెట్టమని అడిగాం. గాహక్‌లతో "బాగుంటే బాగుందని, లేకుంటే లేదని రాయండి" అన్నాం.

మొన్న చేవెళ్ల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "మా ఆడపడుచు ఇంట్లో మీ పరుపు చూశాను భాయ్. పేరు కొట్టి వెతికితే దొరికారు."

దాదా జమానాలో విల్లు చేసిన పనే ఇది. మోత మారింది, పక్కింటి గవాహీ మారలేదు.