సీల్డ్ కవర్‌లో నాన్న

2012 మే 29. డెహ్రాడూన్. ఎండ మండిపోతోంది. బంగళా బయట కెమెరాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. లోపల 86 ఏళ్ల పెద్దాయన. నారాయణ్ దత్ తివారీ. ఉత్తరప్రదేశ్‌కు మూడుసార్లు, ఉత్తరాఖండ్‌కు ఒకసారి ముఖ్యమంత్రిగా చేసిన మనిషి. జిల్లా జడ్జి వచ్చారు. డాక్టర్లు వచ్చారు. రక్తం ఇవ్వాల్సిందేనని ఐదు రోజుల కిందటే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇక తప్పించుకునే దారి లేదు.

సూది దిగింది.

ఆ రక్తం కోసం నాలుగేళ్లుగా కొట్లాడుతున్న కుర్రాడు రోహిత్ శేఖర్. 1979లో వాడు పుట్టేనాటికి తల్లి ఉజ్వల వేరొకరి భార్య. కాగితాల మీద తండ్రి ఆ భర్తే. కన్నతండ్రి మాత్రం తివారీ అంది తల్లి. 2008లో రోహిత్ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాడు. ఒకటే కోరిక. ఆయనే నా తండ్రని ప్రకటించండి. అప్పుడు తివారీ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజ్‌భవన్‌లో గవర్నర్. కాదు పొమ్మన్నారు.

చట్టం కూడా అడ్డం పడింది. కాపురం నడుస్తుండగా పుట్టినా, విడాకులయ్యాక తల్లి మళ్లీ పెళ్లాడకుండా ఉన్న 280 రోజుల్లోపు పుట్టినా, ఆ రోజుల్లో ఆలుమగలు కలిసే వీలే లేదని రుజువైతే తప్ప ఆ బిడ్డ ఆ భర్త సంతానమేనని, ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ గోడ కట్టేసింది. బిడ్డను కాయడానికి కట్టిన గోడ. ఇప్పుడు దాని చాటున నిలబడింది తండ్రి.

2010 డిసెంబర్ 23. జస్టిస్ రవీంద్ర భట్ ఆ గోడకు తలుపు తెరిచారు. సక్రమ సంతానమా కాదా అన్నది ఒక ప్రశ్న, కన్నదెవరన్నది మరో ప్రశ్న అన్నారు. డీఎన్ఏ పరీక్షకు ఆదేశించారు. తివారీ రక్తం ఇవ్వనన్నారు. 2011లో, బలవంతపెట్టలేమన్నారు మరో జడ్జి. 2012 ఏప్రిల్‌లో, కావాలంటే పోలీసుల సాయం తీసుకోండని డివిజన్ బెంచ్ అంది. నెల తిరిగేసరికి డెహ్రాడూన్‌లో సూది.

ఆ రక్తం ఎక్కడికెళ్లింది? హైదరాబాద్. డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ల్యాబ్. కేసు పడ్డనాడు ఆయన గవర్నర్‌గా కొలువున్న ఊరే. లెక్క సూటిది. కొడుకు డీఎన్ఏలో తల్లివైపు గుర్తులు పోగా మిగిలినవి తండ్రిలో కనబడాలి. కనబడ్డాయా లేదా, ఆ జవాబు సీల్డ్ కవర్‌లో ఢిల్లీకి చేరింది.

జూలై 27. జస్టిస్ రేవా ఖేత్రపాల్ కోర్టు. గుట్టుగా ఉంచమని తివారీ తరఫువాళ్లు ప్రాధేయపడ్డారు. కుదరదంది కోర్టు. కవర్ తెరిచారు.

రోహిత్ శేఖర్ కన్నతండ్రి తివారీయే.

2014 మార్చిలో, రోహిత్ నా కొడుకేనని తివారీ అందరి ముందూ ఒప్పుకున్నారు. మే 14న లక్నోలో ఉజ్వలను పెళ్లాడారు. అప్పటికి ఆయనకు 88 ఏళ్లు. కొడుక్కి 35.

112వ సెక్షన్ ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టంలో 116గా ఉంది. 2025 జనవరిలో కేరళ నుంచి వచ్చిన మరో కొడుకు కేసు ఇదే ప్రశ్న మీద సుప్రీంకోర్టులో తేలింది. తల్లీ ఆమె భర్తా కలిసే వీలు లేదని రుజువు కాలేదు కాబట్టి డీఎన్ఏ పరీక్ష కుదరదంది కోర్టు. రోహిత్‌కు దొరికిన జవాబు ఆ కొడుక్కి దొరకలేదు.