మొక్కజొన్నకు డ్రిప్‌లో ఎరువులు: ఊళ్లో పొలం ఉన్నవారు తెలుసుకోవాల్సిన లెక్క

ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఊళ్లో పొలానికి డ్రిప్ వేయించిన వారు మనలో చాలామందే ఉన్నారు. అయితే చాలాచోట్ల ఆ పైపుల్లో నీళ్లు మాత్రమే పారుతున్నాయి, యూరియా ఇప్పటికీ చేత్తోనే చల్లుతున్నారు. అలా చల్లిన యూరియాలో కొంత గాలిలో కలిసిపోతుంది, కొంత వేర్లకు అందనంత లోతుకు దిగిపోతుంది. పెట్టిన ఖర్చుకు పూర్తి ఫలితం రావాలంటే ఎరువు కూడా డ్రిప్‌లోనే వెళ్లాలి. దీన్నే ఫర్టిగేషన్ అంటారు.

పైరుకు ఎప్పుడు ఎంత కావాలి?

మొక్కజొన్న మొదటి మూడు వారాల్లో నత్రజని చాలా తక్కువ తీసుకుంటుంది. మోకాలెత్తు దశ నుంచి పూత, పీచు వచ్చే వరకు ఎక్కువగా తీసుకుంటుంది. పొటాష్ అవసరం చాలావరకు పీచు దశకే తీరిపోతుంది. అందుకే ఒకేసారి బస్తాలు గుమ్మరించడం కంటే వారం వారం కొంచెం కొంచెం ఇవ్వడం మేలు.

ఎకరా లెక్క

ఎకరాకు 80 కిలోల నత్రజని ఇవ్వాలనుకుందాం. విత్తేటప్పుడు 50 కిలోల డీఏపీ బస్తా ఒకటి వేస్తే అందులో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం వస్తాయి. మిగిలిన 71 కిలోల నత్రజనికి సుమారు 154 కిలోల యూరియా కావాలి. దాన్ని 12వ రోజు నుంచి వారానికి ఒకసారి ఇలా ఇవ్వవచ్చు:

• 12, 19 రోజుల్లో: 12.5 కిలోల చొప్పున
• 26, 33, 40, 47 రోజుల్లో: 20 కిలోల చొప్పున
• 54, 61, 68 రోజుల్లో: 16 కిలోల చొప్పున

20 కిలోల పొటాష్ కోసం 40 కిలోల తెల్ల పొటాష్ (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) సరిపోతుంది. దాన్ని పీచు దశలోపే నాలుగైదు విడతల్లో ఇవ్వాలి. ఇది ఉదాహరణ మాత్రమే. భూసార పరీక్ష ఫలితం, హైబ్రిడ్ రకం, ఖరీఫా రబీనా అన్నదాన్ని బట్టి మోతాదు మారుతుంది.

ట్యాంకులో వేయకూడనివి

సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ, మామూలు కాంప్లెక్స్ ఎరువులు పూర్తిగా కరగవు. ఎర్ర పొటాష్ మడ్డి ఫిల్టర్లను మూసేస్తుంది. ఇవన్నీ నేలలో వేసుకోవాల్సినవే. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువులతో గానీ సల్ఫేట్ ఎరువులతో గానీ కలిపితే తెల్లటి మడ్డి పేరుకుని డ్రిప్పర్లు పూడిపోతాయి. జింక్ సల్ఫేట్‌ను కూడా భాస్వరం ఎరువులతో కలపకూడదు.

ఇచ్చే పద్ధతి

యూరియాను ముందుగా బకెట్‌లో కరిగించాలి. కరిగేటప్పుడు నీరు చల్లబడుతుంది కాబట్టి కొంత సమయం పడుతుంది. మొదట నేల తడిసేదాకా మామూలు నీరు, తర్వాత అరగంట నుంచి 40 నిమిషాలు ఎరువు నీరు, చివర 20 నుంచి 30 నిమిషాలు మళ్లీ మామూలు నీరు వదలాలి. చివరి నీరు వదలకపోతే పైపుల్లో ఎరువు మిగిలి నాచు పడుతుంది. మరీ ఎక్కువసేపు వదిలితే యూరియా వేర్ల కిందికి జారిపోతుంది. వానలు పడి నేల తడిగా ఉన్నా ఎరువు విడత మానకూడదు. నీరు పారించే సమయాన్ని మాత్రం తగ్గించాలి.

ఫోన్‌లో అడగాల్సిన మూడు ప్రశ్నలు

వెంచురి తర్వాత స్క్రీన్ ఫిల్టర్ ఉందా? దాన్ని ప్రతిసారీ కడుగుతున్నారా? బోరు దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ పనిచేస్తోందా? కరెంటు పోయి మోటారు ఆగినప్పుడు ఆ వాల్వ్ లేకపోతే ఎరువు నీరు వెనక్కి మళ్లి బోరులోకి దిగవచ్చు. ఇంట్లోవాళ్లు ఆ బోరు నీళ్లే తాగుతుంటే అది పంట నష్టంతో పోయేది కాదు. అందుకే ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ముందు వాల్వ్ సంగతే కనుక్కోండి.